హైదరాబాద్–షికాగో: దూరం, విమాన ప్రయాణ కాలం

హైదరాబాద్ నుంచి అమెరికాలోని షికాగోకు ఆకాశమార్గాన అతి దగ్గరి దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. మైళ్లలో చెబితే 8,260, విమానయానంలో వాడే నాటికల్ మైళ్లలో 7,180. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దగ్గరి దారి 20,000 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది. అంటే ఈ రెండు నగరాల మధ్య ఎడం, భూమి మీద వీలయ్యే అతి పెద్ద ఎడంలో మూడింట రెండు వంతులు. ఎక్కడా దిగకుండా ఎగిరితే విమానానికి పదిహేనున్నర నుంచి పదిహేడు గంటలు పడుతుంది. దారిలో ఒకచోట విమానం మారి వెళ్లేవారికి ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి అక్కడి గడప తొక్కేదాకా ఒక పూర్తి రోజు దాటిపోతుంది. దూరం ఎన్నటికీ మారదు. గంటలు మాత్రం గాలిని బట్టి, ఎండను బట్టి, దేశాల మధ్య పొత్తులనూ పగలనూ బట్టి మారుతూనే ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలో కిలోమీటర్ల కన్నా గంటలకే ఎక్కువ చోటు దక్కింది.

దూరాన్ని కొలిచే తీరు

గోడమీది ప్రపంచపటంలో స్కేలు పెట్టి ఈ రెండు నగరాలను కలిపితే గీత అరేబియా, సహారా ఎడారి, అట్లాంటిక్ సముద్రం మీదుగా సాగుతుంది. దిక్సూచిలో ఒకే దిశ పట్టుకుని ఆ గీత వెంటే వెళితే 16,100 కిలోమీటర్లవుతుంది. దగ్గరి దారి కంటే ఇది 2,800 కిలోమీటర్లు ఎక్కువ. 1569లో గెరార్డస్ మెర్కేటర్ ఈ పటం పద్ధతిని రూపొందించింది నావికులు దిశ తప్పకుండా ఉండేందుకు. దూరాలు సరిగా చూపడం ఆ పటం ఉద్దేశం కాదు. అదే గ్లోబు మీద రెండు నగరాల మధ్య దారం బిగించి చూస్తే, దారం పడమటికి పోదు. హైదరాబాద్ నుంచి దాదాపు నిటారుగా, ఉత్తరానికి పన్నెండు డిగ్రీలు మాత్రమే పడమరకు వాలి పైకెక్కి, ఆర్కిటిక్ సముద్రం అంచు దాటి, అవతలి వైపు షికాగోకు దిగుతుంది. భూమి కేంద్రం గుండా పోయే తలం భూమి ఉపరితలాన్ని ఖండించే చోట ఏర్పడే ఈ వృత్తమే మహావృత్తం. గోళం మీద రెండు బిందువుల మధ్య దగ్గరి దారి ఎప్పుడూ మహావృత్తంలోని ఒక ముక్కే.

లెక్కకు కావలసినవి రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. షికాగోలోని ఓహేర్ విమానాశ్రయం 41.98 డిగ్రీల ఉత్తరం, 87.90 డిగ్రీల పడమర. భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని గోళ త్రికోణమితి సూత్రంలో వేస్తే 13,280 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. భూమి నిక్కమైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు. ఈ చదునును కూడా లెక్కలోకి తీసుకునే సూత్రాన్ని 1975లో విన్సెంటీ అనే శాస్త్రవేత్త ఇచ్చాడు. నగరాల నడిబొడ్డు నుంచి కొలిస్తే ఒక అంకె, విమానాశ్రయాల నుంచి కొలిస్తే ఇంకో పది కిలోమీటర్ల తేడాతో మరో అంకె వస్తాయి. ఒకే జంట నగరాలకు రెండు చోట్ల రెండు దూరాలు కనబడితే కారణం చాలావరకు ఇదే. పదమూడు వేల కిలోమీటర్లలో అది లెక్కలోకి రాదు.

భూమి ఆకారాన్ని తేల్చిన కొలతల్లో దక్కన్ పీఠభూమికి గొప్ప పాత్ర ఉంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేకు వెన్నెముక లాంటి త్రికోణాల గొలుసు 78 డిగ్రీల రేఖాంశాన్ని ఆనుకుని ఉత్తరానికి సాగింది. అప్పటి నిజాం రాజ్యంలోని బీదర్ సమీపంలో 1815లో ఒక ఆధారరేఖను నేలమీద గొలుసులు పరిచి కొలిచారు. లాంబ్టన్ చివరి సంవత్సరాలు హైదరాబాద్‌తో ముడిపడ్డాయి; 1823లో ఇక్కడినుంచి నాగపూర్ వైపు వెళుతూ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆయన తర్వాత జార్జ్ ఎవరెస్ట్ ఆ గొలుసును హిమాలయాల పాదాల దాకా తీసుకెళ్లాడు. భూమి ధ్రువాల దగ్గర ఎంత చదునుగా ఉందో అప్పటిదాకా జరిగిన కొలతల ఆధారంగా ఎవరెస్ట్ 1830లో లెక్కగట్టాడు. నేటి దూరం లెక్కలకు ఉపగ్రహాల కొలతలే ఆధారం. అయినా హైదరాబాద్ మీదుగా పోయే రేఖాంశం వెంట ఎండలో, అడవుల్లో, జ్వరాల మధ్య సాగిన ఆ పనిని తలచుకోకుండా ఈ అంకెల చరిత్ర చెప్పడం అన్యాయమవుతుంది.

దారి ఎటు పోతుంది

మహావృత్తం హైదరాబాద్ నుంచి బయల్దేరి ఢిల్లీకి నూరు కిలోమీటర్ల పైచిలుకు పడమరగా సాగి, కశ్మీర్ మీదుగా హిమాలయ, కారాకోరం పర్వతాల ప్రాంతాన్ని దాటుతుంది. ఫెర్గానా లోయ, కజకిస్తాన్ మైదానాలు, ఉరల్ పర్వతాలు, బారెంట్స్ సముద్రం వరుసగా వస్తాయి. స్వాల్‌బార్డ్ దీవులకూ గ్రీన్‌లాండ్‌కూ మధ్య 79 డిగ్రీల అక్షాంశాన్ని తాకబోయి గీత దక్షిణానికి వంగుతుంది. ఉత్తర ధ్రువం అక్కడికి 1,200 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. తర్వాత గ్రీన్‌లాండ్, బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతం తూర్పు తీరం, కెనడాలోని ఒంటారియో, చివరికి మిషిగన్ సరస్సు. జూన్‌లో ఈ దారిన పగలు బయల్దేరితే కిటికీలో సూర్యుడు అస్తమించడు. డిసెంబరులో ఉత్తర భాగమంతా ధ్రువపు రాత్రే.

ఆచరణలో ఏ విమానమూ ఈ గీతను అలాగే అనుసరించదు. పర్వతాల దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ 10,000 అడుగుల ఎత్తుకు దిగిపోవాలి. ప్రయాణికుల నెత్తిమీద వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాల ప్రాంతమే వస్తుంది. కింద ఇరవై వేల అడుగులు మించిన శిఖరాలుంటే దిగడానికి చోటుండదు. కాబట్టి ముందే తప్పించుకునే దారులు గుర్తించి పెట్టుకున్న మార్గాల్లోనే అక్కడ ఎగరాలి. రెండో చిక్కు చలి. జెట్ ఎ-1 ఇంధనం గడ్డకట్టే హద్దు మైనస్ 47 డిగ్రీలు. అమెరికాలో ఎక్కువగా నింపే జెట్ ఎ ఇంధనానికి మైనస్ 40. గంటల తరబడి అంతకన్నా చల్లని గాలిలో ఎగిరే విమానం రెక్కల్లోని ఇంధనం ఉష్ణోగ్రతను పైలట్లు కనిపెట్టుకుని ఉండాలి, అవసరమైతే కాస్త కిందికి దిగాలి లేదా వేగం పెంచాలి. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఎగిరే విమానాలకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ప్రత్యేక నిబంధనలు పెట్టింది. అత్యవసరంగా దిగేందుకు విమానాశ్రయాలు ముందే ఎంచుకోవాలి, మంచులో బయట పనిచేయగల దుస్తులు విమానంలో ఉంచాలి. హైదరాబాద్–షికాగో గీత ఆ హద్దును కొద్దిగానే దాటుతుంది కనుక విమానాన్ని కాస్త దక్షిణంగా నడిపి దాన్ని తప్పించడం కష్టమేమీ కాదు.

గంటల లెక్క

దూరప్రయాణపు జెట్ విమానం ధ్వని వేగంలో నూటికి 84 వంతుల వేగంతో, అంటే గంటకు ఇంచుమించు 900 కిలోమీటర్లతో పోతుంది. 13,300ని 900తో భాగిస్తే పద్నాలుగు ముప్పావు గంటలు. దీనికి రన్‌వే దాకా నెమ్మదిగా నడిచే సమయం, పైకెక్కే, కిందికి దిగే సమయం, వంపుల వల్ల పెరిగిన దూరం కలుస్తాయి. టికెట్ మీద కనిపించేది గాల్లో ఉన్న సమయం కాదు. ఇక్కడ చక్రాల కింది అడ్డుచెక్కలు తీసిన క్షణం నుంచి అక్కడ గేటు దగ్గర మళ్లీ పెట్టేదాకా పట్టే మొత్తం కాలం అది. ఆలస్యాలకు ఆస్కారం ఇస్తూ సంస్థలు దానికి ఇంకొన్ని నిమిషాలు కలుపుతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా ఈ లెక్కను తారుమారు చేసేది గాలి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి అమెరికా మనకేసి వస్తుందని, పడమటి ప్రయాణం త్వరగా ముగియాలని కొందరు అనుకుంటారు. వాతావరణమూ విమానమూ భూమితోపాటే తిరుగుతున్నాయి కనుక ఆ తిరుగుడు వల్ల నేరుగా లాభం లేదు. తేడా తెచ్చేది 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు పరుగెత్తే జెట్ స్ట్రీమ్. జపాన్ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి 1920ల్లో బెలూన్లు ఎగరేసి ఈ గాలిని గుర్తించాడు. ప్రపంచమంతా చదవాలని తన ఫలితాలను ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు. ఆ కారణంగానే చాలాకాలం ఎవరూ చదవలేదు. శీతాకాలంలో ఈ గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అందుకే షికాగో నుంచి భారతదేశానికి తిరుగు ప్రయాణం, వెళ్లేటప్పటి కంటే గంట నుంచి రెండు గంటలు తక్కువ పడుతుంది.

దూరం పెరిగినా కాలం తగ్గవచ్చని చూపిన గట్టి ఉదాహరణ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో మార్గం. 2015 డిసెంబరులో మొదలైన ఈ ఎయిరిండియా విమానం తొలుత పడమరగా అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. దూరం సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపితే 15,300 కిలోమీటర్లు ఎగిరి కూడా పద్నాలుగున్నర గంటల్లో చేరింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి దాదాపు రెండు గంటలు ముందే దిగింది. షికాగో అంతకన్నా తూర్పున ఉండటంతో హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి పసిఫిక్ దారి లాభించదు.

ఇంధనం బరువును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హైదరాబాద్–షికాగో మార్గంలో ఎగిరిన బోయింగ్ 777-200ఎల్‌ఆర్ నిండు బరువు 347 టన్నులు. అందులో గరిష్ఠంగా 145 టన్నులు ఇంధనమే కావచ్చు. చివరి గంటల్లో వాడబోయే ఇంధనాన్ని మోయడానికే మొదటి గంటల్లో బోలెడు ఇంధనం కాలిపోతుంది. విమానం తేలికపడ్డ కొద్దీ మెట్లు మెట్లుగా పైకెక్కుతుంది. శంషాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. మే నెల మధ్యాహ్నం వేడిగాలి పలచబడి రెక్కలకు ఎత్తే బలం, ఇంజన్లకు తోసే బలం రెండూ తగ్గుతాయి. 4,260 మీటర్ల రన్‌వే ఉన్నా అలాంటి వేళ కొంత సరుకునో కొన్ని సీట్లనో వదులుకోవలసి రావచ్చు. దూరప్రయాణాల విమానాలు అర్ధరాత్రి దాటాక బయల్దేరడానికి ఉన్న కారణాల్లో చల్లని గాలి ఒకటి.

మూసుకున్న ఆకాశాలు

గాలి కూడా చేయలేని ఆలస్యం రాజకీయాలు చేయగలవు. బాలాకోట్‌పై భారత వైమానిక దాడి తర్వాత 2019 ఫిబ్రవరి చివర మూసుకున్న పాకిస్తాన్ గగనతలం జూలై మధ్యదాకా తెరుచుకోలేదు. 2025 ఏప్రిల్ 24న భారత విమానాలకు మళ్లీ మూసేశారు. దాంతో ఉత్తర భారతం నుంచి అమెరికా వెళ్లే విమానాలు అరేబియా సముద్రం వైపు దిగి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా, అమెరికా ఒకరి విమానాలకు ఒకరు ఆకాశం మూసుకున్నారు. భారత విమానాలకు రష్యా దారి తెరిచే ఉంది. 2023 జూన్‌లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఇంజన్ సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. ప్రయాణికులు మరో విమానం వచ్చేదాకా అక్కడే ఉండాల్సి వచ్చింది. హైదరాబాద్–షికాగో మహావృత్తం పాకిస్తాన్‌ను ఒరుసుకుంటూ, రష్యాను నిలువునా దాటుతూ సాగుతుంది. పటం మీది అతి దగ్గరి దారి ఇవాళ చాలా విమానయాన సంస్థలకు అందని దారి.

రెండు నెలల నుంచి పదహారు గంటలకు

1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో ఒక యువ సన్యాసి పాశ్చాత్య దేశాలకు తాను ఎందుకు వెళ్లదలచాడో చెప్పాడు. ఆయన స్వామి వివేకానంద. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కి, కొలంబో, సింగపూర్, హాంకాంగ్, జపాన్ రేవుల మీదుగా జూలై 25న వాంకూవర్ చేరి, అక్కడినుంచి రైలులో జూలై నెలాఖరుకు షికాగోలో దిగాడు. రెండు నెలలు. హైదరాబాద్–షికాగో ప్రయాణానికి మన చరిత్రలో ఇంతకన్నా ప్రసిద్ధమైన ఉదాహరణ లేదు.

విమానయుగంలో 1948 జూన్ 8న ఎయిరిండియా బొంబాయి–లండన్ సర్వీసు, 1960 మేలో బోయింగ్ 707తో న్యూయార్క్ సర్వీసు మొదలయ్యాయి. తెలుగు ప్రాంతం నుంచి వెళ్లే విద్యార్థులు, డాక్టర్లు బేగంపేట విమానాశ్రయం నుంచో రైల్లోనో ముందుగా బొంబాయి చేరేవారు. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకున్నాక గల్ఫ్, యూరప్ నగరాల నుంచి పెద్ద విమానాలు నేరుగా రావడం పెరిగింది. 2021 జనవరి ఈ కథలో పెద్ద మలుపు. ఆ నెల 11న కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో, పాపగారి తన్మయి సహా అందరూ మహిళలే ఉన్న పైలట్ల బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు విమానం నడిపి తెచ్చింది. అదే నెల 15న హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలైంది. 238 సీట్ల 777-200ఎల్‌ఆర్, వారానికి ఒక్కసారి. హైదరాబాద్ నుంచి అమెరికాకు అదే తొలి నాన్‌స్టాప్. అది ఎక్కువకాలం నిలవలేదు. వారానికి ఒకే విమానమైతే కోరిన రోజు దొరకదు, ఒకటి రద్దయితే ఏడు రోజులు ఆగాలి. ఇంతమంది అమెరికాలో ఉన్న ఊరికి అది సరిపోని ఏర్పాటు అని చెప్పక తప్పదు.

ఒకచోట దిగి మారితే

నాన్‌స్టాప్ లేనప్పుడు దూరం ఎంత పెరుగుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఢిల్లీ మీదుగా వెళితే 1,265, 12,020 కిలోమీటర్లు కలిపి నేరు దూరానికి పది కిలోమీటర్లు కూడా పెరగదు. ఢిల్లీ దాదాపు దారిలోనే ఉంది. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సుమారు 14,100, దుబాయ్ మీదుగా 14,200, దోహా మీదుగా 14,400. ఎటు చూసినా తొమ్మిది శాతానికి మించదు. కాలం మాత్రం అలా కొద్దిగా పెరిగి ఊరుకోదు. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడినుంచి షికాగోకు దాదాపు పదిహేను, మధ్యలో రెండు నుంచి ఎనిమిది గంటల నిరీక్షణ. మొత్తం ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడు. లండన్ మీదుగా పదీ తొమ్మిదీ గంటల రెండు ప్రయాణాలు, మధ్యలో ఆగడం. దీనికి శంషాబాద్‌కు మూడు నాలుగు గంటల ముందు చేరడం, ఓహేర్‌లో ఇమ్మిగ్రేషన్ వరుస, అక్కడినుంచి శివారు ఊళ్లైన నేపర్‌విల్‌కో అరోరాకో కారు ప్రయాణం కలపాలి.

ఈ దారిలో ఎవరు వెళుతున్నారో కూడా చూడాలి. కూతురి పురుటికి, మనవల్ని చూసుకోవడానికి వెళ్లే అరవై, డెబ్భై ఏళ్ల తల్లిదండ్రులు తెలుగు ప్రయాణికుల్లో పెద్ద భాగం. వాళ్లకు పదహారు గంటలు కూర్చోవడం కన్నా, తెలియని విమానాశ్రయంలో అర్ధరాత్రి గేటు వెతుక్కోవడమే పెద్ద కష్టం. నడవగలిగినవారు కూడా వీల్‌చైర్ అడగడానికి కారణం చాలాసార్లు ఇదే: చెయ్యిపట్టి సరైన గేటుకు చేర్చే మనిషి కావాలి. అడగడంలో మొహమాటపడాల్సిందేమీ లేదు. టికెట్ కొనేటప్పుడే రాయించాలి. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే సంస్థలకు బాధ్యత ఉండదు. అబుదాబి మీదుగా వెళ్లేవారికి అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ 2014 నుంచి అక్కడే జరుగుతోంది కాబట్టి షికాగోలో దేశీయ విమానం దిగినట్టు దిగిపోవచ్చు. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో మారితే సాధారణంగా పెట్టెలు అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. ఆ పనికి రెండు గంటలు చాలవు.

గడియారం

భారత కాలమానం అంతర్జాతీయ సమయానికి అయిదున్నర గంటలు ముందు, షికాగో శీతాకాలంలో ఆరు గంటలు వెనక. తేడా పదకొండున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు కనుక తేడా పదిన్నర అవుతుంది. ఉదాహరణకు జనవరిలో శుక్రవారం మధ్యాహ్నం 12:50కి హైదరాబాద్‌లో బయల్దేరి పదహారున్నర గంటలు ఎగిరిన విమానం అదే శుక్రవారం సాయంత్రం 5:50కి షికాగోలో దిగుతుంది. తిరిగొచ్చేటప్పుడు బుధవారం రాత్రి 9:30కి బయల్దేరి పదిహేనున్నర గంటలు ఎగిరితే, హైదరాబాద్‌లో దిగేసరికి అర్ధరాత్రి దాటి శుక్రవారం 12:30 అవుతుంది; గురువారం గాల్లోనే గడిచిపోతుంది. ఈ దారి అంతర్జాతీయ దినరేఖను దాటదు. తారీఖు మారేది కేవలం కాలమానాల తేడా వల్ల.

టికెట్ మీది సమయాలన్నీ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే కనుక దిగే సమయంలోంచి ఎక్కే సమయం తీసేస్తే ప్రయాణ కాలం రాదు. వెళ్లేటప్పుడు కాలమానాల తేడా కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. శరీరం సాధారణంగా రోజుకు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. రాత్రీ పగలూ దాదాపు తలకిందులయ్యే ఈ తేడాకు పెద్దవాళ్లకు వారం, పది రోజులు పట్టడం సహజం. పగటి వెలుతురులో తిరగడం దానికి మంచి మందు. రక్తపోటుకు, చక్కెరవ్యాధికి మందులు వాడేవారు ఏ గడియారం ప్రకారం ఏ మాత్ర వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవారు దాన్ని చేతిసంచీలోనే ఉంచుకోవాలి, ఎందుకంటే సరుకు గదిలో పెట్టిన పెట్టె కనెక్షన్ దగ్గర వెనకబడితే ఒకటి రెండు రోజుల దాకా చేతికి రాకపోవచ్చు.